ఏడో నంబరు ఆకుపచ్చ కారు

నలభై మూడో వంతుకు తగ్గించిన ఆ రేసు కారు పొడవు తొంభై అయిదు మిల్లీమీటర్లు. యాభైల చివర యూరప్ రేసుల్లో పరుగెత్తిన, ఇంజను ముందుభాగంలో ఉండే చివరి తరం కార్లలో ఒకదానికి నమూనా అది. ముదురు ఆకుపచ్చ రంగు. ముక్కు మీద తెల్లని వృత్తంలో ఏడో అంకె. బానెట్‌కు అడ్డంగా ఒక మిల్లీమీటరు వెడల్పు తోలు పట్టీ, దానికి బకిల్ కూడా. తగరం మిశ్రమంతో పోతపోసి, చేత్తో రంగు వేసిన మనిషి ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. నా అద్దాల బీరువాలో అలాంటి కార్లు ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఇది లేదు. ఎర్ర కారుకూ వెండిరంగు కారుకూ మధ్య పదకొండు సెంటీమీటర్ల చోటును అయిదేళ్లు ఖాళీగా ఉంచాను.

కారు కాకినాడలో ఉండేది, ఓడరేవులో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర. మోడల్ కార్లు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమయ్యారు. నేను అడిగినప్పుడల్లా ఒక ఫోటో పంపి, "చూసుకోండి, ఇవ్వను" అనేవారు. ఆ ఫోటోలను ఎంత పెద్దవి చేసి చూశానంటే, ముందు చక్రంలో తీగలెన్నో లెక్కపెట్టగలిగాను. కొలత పరికరాలను సరిచూసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. మిల్లీమీటరులో నూరో వంతు తేడా ఉన్నా కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఫోటో నుంచి ఆ కారు కొలతలన్నీ రాబట్టాను. బరువొక్కటి తెలియలేదు. అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువుంటుందా అని బస్సులో కూర్చుని ఆలోచించేవాణ్ణి.

మొన్న వేసవిలో ఆయనే ఫోను చేశారు.

"మీ నూజివీడులో చిన్నరసాలు దిగాయా అండీ?"

"దిగుతున్నాయండీ."

"ఒక పెట్టె పంపండి. కారు మీకు పంపేస్తాను."

ఇన్నాళ్లూ ఇవ్వనిది ఇప్పుడెందుకని అడిగాను. ఆయన అన్నారు: "కళ్లు పోతున్నాయండీ. ముక్కు దగ్గర పెట్టుకున్నా పచ్చగా ఏదో ఉందని తెలుస్తోందంతే. మీరైతే చూసి చెబుతారు కదా. ఆదివారం ఆదివారం ఫోను చేసి దాని సంగతులు చెబుతూ ఉండండి, చాలు."

రెడ్డిగూడెం రోడ్డులో మా బాబాయికి మామిడి షెడ్డు ఉంది. అక్కడే కాయలు ఎంచి, వరిగడ్డిలో పేర్చి పంపించాను. పగలు నేను ఇంట్లో ఉండను కనుక, కారు పంపడానికి కూడా షెడ్డు చిరునామానే ఇచ్చాను. ఆయన జాగ్రత్తపరుడు. గడ్డి మెత్తగా ఉందని, పండ్లు వెళ్లిన పెట్టెలోనే కారును సర్ది పంపారు. మూత మీద షెడ్డు ముద్ర అలాగే ఉంది.

షెడ్డు ముద్రతో పెట్టె తిరిగి వచ్చిందంటే, కాయలు పండలేదని కొన్నవాళ్లు వెనక్కి పంపారని అక్కడివాళ్ల లెక్క. దాన్ని విప్పరు. కాయలు మాగవేసే గదిలో పెట్టి, వారం తర్వాత చూస్తారు. కారు ఇంకా రాలేదేమని అడిగితే, హనుమాన్ జంక్షన్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్లు పెట్టె అందజేశామన్నారు. షెడ్డువాళ్లు కారేమీ రాలేదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఎనిమిదో రోజున గది తెరిచినప్పుడు, పెట్టె మీది చీటీలో నా పేరు కనిపించింది. కాయలు సర్దే పెద్దావిడ దాన్ని నా చేతికిస్తూ, "తేలిగ్గానే ఉందనుకున్నా బాబూ. కాయలు వడిలిపోయాయేమోలే అనుకున్నా" అంది.

"నీ కారు మాగిందేమో చూడరా" అని బాబాయి నవ్వారు.

పెట్టె విప్పాక ఆయన నవ్వలేదు. గదిలో దానిమీద, అప్పుడే కోసిన కాయల ట్రేలు పేర్చి ఉంచారు. తొడిమల దగ్గర కారిన సొన, గాలికోసం పెట్టిన రంధ్రాల్లోంచి లోపలికి దిగింది. చర్మాన్నే పొక్కించే సొన అది. ముక్కు నుంచి బానెట్ మీదుగా ముప్ఫై నాలుగు మిల్లీమీటర్ల మేర రంగు ముడతలుపడి లేచిపోయింది. ఏడో అంకెలో పైగీత మిగిలింది. బకిల్ ఎక్కడుందో తెలియడం లేదు.

పెద్దావిడ చీర చెంగుతో తుడవబోయింది. "వద్దండీ, ఉన్న రంగు కూడా ఊడొస్తుంది" అన్నాను.

"మళ్లీ రంగు వేయించుకోరాదూ?" అన్నారు బాబాయి.

వేయవచ్చు. అప్పుడు అది నేను రంగు వేసిన కారవుతుంది. ఇంటికి తెచ్చి తూచాను, నూట పన్నెండు గ్రాములు. ఖాళీచోటులో పెట్టాను. ఆ తర్వాత కూడా ఫోనులో ఆ పాత ఫోటోనే తీసి చూసుకుంటూ ఉండిపోయాను.

ఆదివారం ఉదయం ఫోను చేశాను. జరిగింది చెప్పడానికే చేశాను.

"చేరిందా అండీ?"

"చేరిందండీ."

"బానెట్ మీద బకిల్ కనిపిస్తోందా? నాకు అది కనబడక రెండేళ్లయింది."

ఆ పాత ఫోటో ప్రింటు బల్ల మీదే ఉంది. దాన్ని చూస్తూ, "కనిపిస్తోందండీ" అన్నాను.

"ఏ వైపుంది?"

"ఎడమవైపు. పట్టీ మధ్య నుంచి రెండు మిల్లీమీటర్ల దూరంలో."

"ఎడమే, ఎడమే" అన్నారాయన. పక్కగదిలో ఎవరికో "ఎడమవైపేనట" అని చెప్పడం వినిపించింది. తర్వాత, "వచ్చే ఆదివారం చక్రాల గురించి చెప్పండి" అన్నారు.

చక్రాలకు ఏమీ కాలేదు. వచ్చే ఆదివారం కారునే చూసి చెప్పగలను.