బెల్లం రంగు చొక్కాలకి నేను చేసిన ద్రోహం

ఒక ఫుట్‌బాల్ జట్టుని ఓడించాలంటే ఎదటి జట్టు ఉండాలని మీరు అనుకుంటారు. అక్కర్లేదండీ. ఒక సెక్రటరీ చాలు. అతగాడి చేతికి ఒక గుండిగ, రెండు పొట్లాలు, కాసిన్ని తెలివితేటలు ఇచ్చి అవతలకి వెళ్లి రండి. మీరు తిరిగొచ్చేసరికి పని పూర్తయిపోతుంది. డెబ్బైల మొదట్లో చోడవరంలో ఆ సెక్రటరీని నేనే. ఆ ఘనకార్యం ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు. చెప్పేస్తే కొంచెం బరువు తగ్గుతుందేమోనని ఇప్పుడు చెబుతున్నాను.

అప్పటికి బి.ఏ. పాసై, ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకుంటూ ఖాళీగా ఉన్నాను. నేను తన్నితే నా చెప్పు ఎగిరేది గానీ బంతి కదిలేది కాదు. అయినా ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వచ్చునని నన్ను జట్టుకి సెక్రటరీని చేశారు. కాగితాల్లో ఆ జట్టుకి ఏదో పెద్ద పేరుంది. ఊళ్లో మాత్రం అందరూ బెల్లం జట్టు అనేవారు. దానికి కారణం చొక్కాలు.

ఆ జట్టుని పెట్టింది సన్నాసినాయుడు తాత. ఊరి చివర ఆయనకి చెరుకు తోట, బెల్లం వండే పాక ఉండేవి. ఏటా గానుగ మొదలయ్యే ముందు, చిల్లుపడి మూలన పారేసిన పాత పెనానికి మాటు వేయించి, అందులో తుమ్మచెక్క ఉడికించి, చొక్కాలన్నీ ముంచి తీసేవాడు. పాకం దించి అచ్చుల్లో పోశాక పైన ఒక నిగారింపు వస్తుంది చూడండి, సరిగ్గా ఆ రంగు. చెక్క ఎంత వెయ్యాలి, ఎంతసేపు ఉడకాలి అని అడిగితే, "వాసనొస్తాదిరా. వొచ్చినప్పుడు దించీడమే" అనేవాడు. ఏ వాసనో చెప్పేవాడు కాదు.

జట్టు పుట్టి పాతికేళ్లు దాటినా తాలూకా కప్పు ఒక్కసారీ మా ఊరు రాలేదు. ఆ ఏడు, ఏ దేవుడు చల్లగా చూశాడో, ఫైనల్‌కి చేరాం. ఎదటివాళ్లు కె.కోటపాడు కుర్రాళ్లు. ఆ కబురు చెప్పడానికి పాకకి వెళ్తే, తాత నా గొంతు పోల్చుకుని చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే ఆయన రెండు కళ్లకీ శుక్లాలు కమ్మాయి.

"మొగాలు ఆనడం నేదురా సెక్రట్రీ. అయినా ఆటకి ఇబ్బంది నేదు. బంతి కనిపించకపోనా మనోళ్ల రంగు మసగ్గా కనిపిస్తాది. రంగు ఎటు పరిగెడితే అటు సూస్తాను. ఆ కప్పు ఒక్కపాలి సూసీసేనంటే ఇంక ఈ కళ్లతో నాకు పనేటి నేదు."

ఈ మాట నేను విన్నాను. ఇప్పుడు మీరూ విన్నారు. కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు.

ఆ వారంలోనే సెలూన్‌లో వంతు కోసం కూర్చుని పాత ఇంగ్లీషు పత్రిక తిరగేశాను. విదేశాల్లో పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు పుట్టినప్పటి రంగుని పట్టుకుని వేలాడడం లేదట. గులాబీ రంగుతో మొదలైన క్లబ్బొకటి నలుపు తెలుపు చారలకి మారిందట. నీలం, పసుపు కట్టుకున్న ఇంకో క్లబ్బు ఒక్కసారిగా తెల్లబట్టల్లోకి దిగిందట. నాకు ఒళ్లు మండింది. ప్రపంచమంతా ఇలా ముందుకు పోతుంటే మేమింకా తుమ్మచెక్క ఉడకబెట్టుకుంటున్నామా! పత్రిక అడిగి తీసుకుని సైకిల్ షాపులో పనిచేసే మా గోల్‌కీపర్ దేముడి దగ్గరకి పరిగెత్తాను.

"ఒరే దేముడూ, రంగు మార్చేద్దాం. ఆకాశనీలం. ఇదిగో, ఇలాగ."

వాడు గ్రీజు చేతులు తుడుచుకుని ఫోటో చూశాడు. "ఇందల నీలం ఎక్కడున్నాది? నలుపూ తెలుపే కదేటి?"

"నాకు కనబడుతోందిరా."

"నీకు కనపడితే సరిపోనాదేటి? తాతకి సెప్పేవా?"

"ఫైనల్ రోజున చూసి మురిసిపోతాడు."

"ఆయన సూడగలడేటి? ముందు సెప్పీడమే మంచిది, నా మాటిను."

"సెక్రటరీ నువ్వా, నేనా?"

వాడు మళ్లీ సైకిల్ చక్రం ముందు కూర్చున్నాడు. బుర్ర ఉన్నవాణ్ని ఊరుకోబెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఇంకా పుట్టలేదు.

నీలం ఎక్కాలంటే ముందు బెల్లం రంగు దిగాలి. అక్కడే నా మేధస్సు విజృంభించింది. మా వైపు బెల్లం వండేటప్పుడు కొందరు పాకంలో హైడ్రోసు అనే మందు చిటికెడు వేస్తారు. నల్లగా రావలసిన బెల్లం పసుపుపచ్చగా తేలుతుంది. తాతకి అదంటే గిట్టదు. "బెల్లానికి పౌడరేటిరా?" అని తిట్టేవాడు. నేను మాత్రం లెక్క కట్టాను. బెల్లం నలుపునే విరిచే మందు బెల్లం రంగు చొక్కాని విరవదా? పెనం నిండా పాకానికి చిటికెడు చాలు కదా, పద్నాలుగు చొక్కాలకి రెండు పొట్లాలైతే మరీ శ్రేష్ఠం! చోడవరం తాలూకా మొత్తంలో ఇలాంటి ఆలోచన నాకొక్కడికే వచ్చింది. రెండోవాడికి రాకపోవడం ఆ తాలూకా చేసుకున్న అదృష్టం.

మా పెరట్లో, అమ్మ నీళ్లు కాచుకునే గుండిగలో చొక్కాలు పడేసి మందు దిమ్మరించాను. గుప్పుమని ఒక కంపు లేచింది. పక్కింటి గేదె పలుపు తెంపుకుని పోయింది. కర్రతో పైకెత్తి చూద్దును కదా, చొక్కాల మీద ఒకచోట తెలుపు, ఒకచోట గోధుమ, ఒకచోట ఏ భాషలోనూ పేరులేని రంగు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారే, నేను నీలం పట్టుకున్నాను. ఇంట్లో బట్టలకి పెట్టే నీలం డబ్బా మొత్తం ఒంపేశాను.

అమ్మ పెరట్లోకి వచ్చి తీగ మీద ఆరేసినవి చూసింది. "ఏటిరా ఇవి? ఎవరివి?"

"మా జట్టు చొక్కాలమ్మా. ఆకాశనీలం."

"ఏ ఆకాశంరా? తుపాను ముందరదా?"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలన్నారు. వింత మాత్రం నిజంగానే కుదిరింది.

ఫైనల్ రోజు సాయంత్రం మైదానం నిండిపోయింది. గీత పక్కన బల్ల వేసి తాతని కూర్చోబెట్టారు. ఒళ్లో తెల్లగుడ్డ కట్టిన బెల్లం దిమ్మ ఉంది. గెలిచిన కెప్టెన్‌కి ఇవ్వడానికి స్వయంగా వండించుకున్నాడట. నేను పక్కనే నిలబడ్డాను. ముందు మావాళ్లు దిగారు. జనం గొల్లున నవ్వారు. తరవాత కోటపాడువాళ్లు దిగారు. వాళ్లకి జట్టు చొక్కాలంటూ లేవు. ఎవరో డ్రిల్లు మాస్టారు ఇప్పించిన పాత ఖాకీ చొక్కాలు తొడుక్కొచ్చారు. పడమటి ఎండ వాటి మీద పడింది.

తాత ముందుకి వంగాడు. మొహం విప్పారింది.

"అదిగో! మనోళ్లు! బెల్లంలాగున్నార్రా!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"మరా దెయ్యాల రంగోళ్లెవర్రా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఒట్టండీ, తెరిచాను. కానీ పాతికేళ్లు చూసిన రంగుని నా చేతులతో చంపేశాను తాతా అని ఆ మొహం మీద ఎలా చెప్పను?

"కోటపాడోళ్లు తాతా."

"పాపం. ఆళ్లకి సెప్పేవోళ్లు నేరేటి?"

"లేరు తాతా. చెప్పినా వినే రకం కాదు."

పావుగంటలో మావాళ్లకి చెమట పట్టింది. నీలం కరిగింది. మెడల మీంచి, చేతుల మీంచి, తొడల మీంచి కారింది. పదకొండు మంది కృష్ణులు మైదానంలో పరుగులు పెడుతున్నారు, ఒక్క గోపికైనా లేదు. బంతి పట్టుకున్నచోటల్లా దేముడి చేతుల నీలం బంతికంటింది. తరవాత అదే బంతి రిఫరీ వీపుకి తగిలింది. ఇంతలో ఖాకీ చొక్కా ఒకటి దూసుకొచ్చి గోలు కొట్టేసింది.

"కొట్టీసేర్రా నాయనా!" తాత బల్ల మీంచి లేచిపోయాడు. "సప్పట్లు కొట్టవేట్రా సెక్రట్రీ?"

కొట్టాను. మా జట్టుకి గోలు పడితే మా జట్టు సెక్రటరీనే చప్పట్లు కొట్టాను. అటూ ఇటూ ఉన్నవాళ్లు నన్ను కొట్టడానికి వచ్చారు. తాత వెనక నిలబడి, ఆయన కళ్లు చూపించి, దణ్ణం పెట్టాను. వాళ్లకి అర్థమైంది. పది నిమిషాల్లో ఆ పక్క జనమంతా ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. రెండో గోలు పడేసరికి చోడవరం చోడవరమంతా లేచి ఈలలు వేసింది. వెక్కిరిస్తున్నారనుకుని కోటపాడు కుర్రాళ్లు బిత్తరపోయారు. మధ్యలో ఆట ఆగినప్పుడు దేముడు నీలం కారుతూ నా దగ్గరకి వచ్చాడు.

"గోలు నాకు పడితే నువ్వు గెంతుతన్నావేటి?" అని పళ్లు నూరాడు.

తాత అటు తిరిగాడు. "ఎవుర్రా అది?"

"కోటపాడు గోలీ తాతా."

దేముడు తాత మొహం చూశాడు, నా మొహం చూశాడు. "అవును తాతా. మీవోళ్లు బాగా ఆడతన్నారు" అని గోలు దగ్గరకి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో నేను చూసిన మనుషుల్లో వాడంత పెద్దవాడు ఇంకొకడు లేడు.

మూడు సున్నాతో ఓడిపోయాం. తాత లెక్కన మూడు సున్నాతో గెలిచాం. నేను పరిగెత్తి కోటపాడు కెప్టెన్ రామునాయుడి చేతులు పట్టుకున్నాను.

"బాబూ, పెద్దాయనకి చూపు ఆనదు. మీ ఖాకీ చూసి మావాళ్లే గెలిచారనుకుంటున్నాడు. ఒక్క అయిదు నిమిషాలు మీరే మేము."

అతను పెద్దగా నవ్వాడు. బల్ల మీద కూర్చున్న మనిషిని చూశాక నవ్వు ఆపేశాడు. కప్పు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నీ సలవే తాతా."

తాత కప్పుని తడిమాడు, చెవులు తడిమాడు, అడుగు తడిమాడు. తరవాత రామునాయుడి చొక్కా అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు.

"గుడ్డ వేరేగున్నాది. కొత్తదేటిరా?"

"అవును తాతా."

"గుడ్డ మారినా రంగు మారనేదు సూడు. తుమ్మసెక్కంటే అదీ!"

బెల్లం దిమ్మ అతని చేతుల్లో పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను. సంతోషంతో ఏడుస్తున్నానని తాత నా వీపు నిమిరాడు.

ఆ గానుగ ముగియకముందే ఆయన పోయాడు. సాగనంపే రోజున కోటపాడు నుంచి పదకొండు మందీ సైకిళ్ల మీద వచ్చారు. అవే ఖాకీ చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. ఆయన జట్టైన మేము మాత్రం పక్కన మామూలు బట్టల్లో నిలబడ్డాం. మందు తిన్న చొక్కాలు ఉతకగానే పీలికలైపోయాయి మరి.

మరుసటి ఏడు కొత్త తెల్లచొక్కాలు కుట్టించి, ఆ పాత పెనంలోనే తుమ్మచెక్క ఉడకబెట్టాం. ఒకసారి కాఫీ రంగొచ్చింది. ఒకసారి ఇటుక రంగు. ఒకసారి మసి. దేముడూ నేనూ పెనం మీద ముక్కులు పెట్టి గంటలు గంటలు కూర్చున్నాం. పొగ వచ్చింది, తుమ్ములు వచ్చాయి. ఆ వాసన మాత్రం రాలేదు. చివరికి విసిగి బజారులో దొరికిన ఎరుపు కొనేశాం. రెండేళ్లకి ఆకుపచ్చ. తరవాత తెలుపు. పెద్ద క్లబ్బుల్లాగే మేమూ రంగులు మార్చాం. కప్పు కూడా ఒకసారి గెలిచాం. అప్పుడు గీత పక్కన బల్ల ఖాళీగా ఉంది. నాకు ఆ బెల్లం రంగు కావాలి. అచ్చుల్లో బెల్లం ఎక్కడ కనబడినా ఇప్పటికీ ఆగి చూస్తాను. కొట్టువాడు ఎంత కావాలి బాబూ అంటాడు. ఏం చెప్పను?

ఈమధ్య మా ఆవిడ నా తల చూసి, "కాస్త రంగేసుకోరాదా?" అంటోంది. కాబట్టి ఆవిడా మీరూ అందరూ వినేలా, సన్నాసినాయుడు తాత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ చొక్కాకీ, ఏ గోడకీ, ఏ తలుపుకీ, నెత్తిన మిగిలిన ఈ నాలుగు వెంట్రుకలకీ రంగు మార్చను గాక మార్చను. తుమ్మచెక్క ఉడికేటప్పుడు ఏ వాసన రావాలో తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే మాత్రం ఒక్క మాట చెప్పండి. ఈ ప్రమాణాన్ని అప్పుడే గట్టు మీద పెట్టేసి పెనం కింద మంట రాజేస్తాను.