గొంతు తీసేసిన కంప్యూటర్

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో తిట్లు పడేవి. చనిపోయినవాళ్ళు ప్రభువు వచ్చేదాకా నిద్రపోతారు, ఊళ్ళమ్మట తిరగరు అనేది మా అమ్మ. నేను ఆ నమ్మకం దాకా కూడా వెళ్ళలేదు. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కంప్యూటర్ దానంతట అదే ఏదో చేసిందని ఎవరైనా అంటే, మీరే ఏదో నొక్కి ఉంటారని మొహం మీదే అనేస్తాను. ఇది చదివి మీరూ నన్ను అలాగే అనొచ్చు. నాకేం కోపం రాదు.

మా మావయ్య, అంటే అమ్మ వాళ్ళ అన్నయ్య, బందరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. షుగరుతో రెండు కళ్ళూ పోయాయి. ఆయన కూతురు కరుణ వదిన, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో తెర మీది అక్షరాలు పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఏ మీట నొక్కితే ఏం వస్తుందో పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పింది. అప్పట్నుంచీ ఆయనకు పేపరు, బైబిలు, ఫేస్‌బుక్ అన్నీ దానితోనే. అదొక మగ గొంతు. పెళ్ళి వార్తయినా చావు వార్తయినా ఒకే రకంగా చదువుతుంది.

ఆ కంప్యూటర్ రానురాను నెమ్మదించింది. మీట నొక్కిన ఎంతసేపటికో గొంతు వచ్చేది. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ణి తిట్టినట్టు మావయ్య దాన్ని తిట్టేవారు. "అమ్మాయ్, ఒకసారి వచ్చి దీని సంగతేంటో చూడవే" అని నాకు ఫోన్లు. ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూ ఉండగానే, వానాకాలంలో కరుణ వదిన డెంగీతో పోయింది.

వదిన అత్తారిది అవనిగడ్డ పక్కన పల్లెటూరు. అక్కడే భూస్థాపన చేశారు. మావయ్యకు మాత్రం చెప్పలేదు. అంతకుముందే ఆయన గుండెకు స్టెంట్లు వేశారు, ఈ వార్త వింటే తట్టుకోలేరని వదిన తమ్ముడు విజయ్ బావ తేల్చేశాడు. వదిన విజయవాడ ఆస్పత్రిలో కోలుకుంటోంది, లోపలికి ఫోను ఇవ్వనివ్వరు అని ఆయనకు చెప్పాం. మన వైపు ఇది కొత్తేమీ కాదు. పెద్దవాళ్ళ దగ్గర చావు దాచడం పుణ్యం అనుకుంటాం. ఆయనకు అనుమానం రాకూడదని అత్తయ్యను కూడా కూతురి మట్టికి రానివ్వలేదు. ఆ పూట ఆవిడ ఇంట్లోనే ఉండి మావయ్యకు అన్నం వడ్డించింది.

ఇక మిగిలింది కంప్యూటర్. ఫేస్‌బుక్ నిండా వదిన ఫొటోలు, ప్రగాఢ సానుభూతులు. బావ నాకు ఫోన్ చేసి, "రిపేరని చెప్పి ఆ గొంతు నొక్కేసి వెళ్ళు" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ వెళ్ళాను. మళ్ళీ అడిగినా వెళ్తానేమో. ఎదురుగా గుండె పేషెంటు ఉంటే నీతులు గుర్తురావు.

నన్ను చూసి మావయ్య ఎంత సంబరపడ్డారో. దీని రోగమేంటని అడిగారు. రిజిస్ట్రీ పాడైందన్నాను. డాక్టర్లకు గ్యాస్ ట్రబుల్ ఎలాగో మాకు రిజిస్ట్రీ అలాగ. ఏమీ తోచకపోతే అదే చెబుతాం. దాన్ని బాగు చేసినంత మాత్రాన కంప్యూటర్ పరుగెత్తదు. కానీ ఆయన ఊరుకునే మనిషి కాదు, రిజిస్ట్రీ అంటే ఏమిటన్నారు. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో కంప్యూటర్ గుర్తుపెట్టుకునే చోటు అది, సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని ఆనవాళ్ళు అందులో ఉండిపోతాయి, అవి పేరుకుంటే బరువు అని చెప్పాను.

"పోయినవాటి ఆనవాళ్ళతో ఏం పని? అన్నీ తీసిపారెయ్" అన్నారు నవ్వుతూ. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

పని శుభ్రంగానే చేశాను. గొంతు సాఫ్ట్‌వేర్ తీసేశాను. రిజిస్ట్రీలో దాని తాలూకువి ఒక్కొక్కటీ వెతికి చెరిపాను. నెట్ కేబుల్ పీకేశాను. స్పీకర్లు రిపేరుకని సంచిలో వేసుకుని గుడివాడ తెచ్చేసుకున్నాను. ఆ మానిటర్‌కు సొంత స్పీకర్లు లేవు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పెట్టె మాట్లాడటానికి నేను ఏ దారీ వదల్లేదు. "ఒక పార్టు రావాలి మావయ్యా, అప్పటిదాకా ఇది చదవదు" అని చెప్పి వచ్చేశాను.

కొన్నాళ్ళకు అత్తయ్య ఫోన్ చేసింది. ఆయన పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటున్నారట. ఇప్పుడెంత చురుగ్గా చదువుతోందో అని మెచ్చుకుంటున్నారట. అలవాటుకొద్దీ మీటలు నొక్కుకుంటున్నారులే అన్నాను. పాపం అనిపించింది.

అసలు బాధ అది కాదని అత్తయ్య ఏడ్చింది. ఆయన ప్రతి భోజనం దగ్గరా కరుణ సంగతి అడుగుతున్నారు. ఇవాళ ఏం తింది? ఇడ్లీ అంటే, అందులోకి చట్నీ ఏమిటి? ఎవరు తినిపించారు? జడ ఎవరు వేశారు? అన్నీ ఆవిడ అల్లి చెప్పాలి. చెప్పాక వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకోవాలి. నిన్నటి మాటకూ ఇవాళ్టి మాటకూ పొంతన లేకపోతే పట్టుకుంటున్నారట. చివరికి, ఆదివారం డిశ్చార్జి చేయించి ఇంటికి తెమ్మన్నారు. దానికిష్టమని రొయ్యల ఇగురు వండమన్నారు.

ఇక దాచలేమని, ఆ ఆదివారం చెప్పేద్దామని బావా నేనూ వెళ్ళాం. బావ గుండె డాక్టర్ని అడిగి మాత్రలు కూడా తెచ్చాడు. అత్తయ్య నిజంగానే రొయ్యలు వండింది. ఎందుకు వండిందో నేను అడగలేదు.

మావయ్య కంచం ముందు కూర్చుని, "కరుణ ఏదే?" అన్నారు అత్తయ్యను. బావ అందుకోబోయాడు. "నువ్వు నోర్ముయ్. మీ అమ్మ చెప్పాలి" అన్నారు. తప్పు చేసిన పిల్లను క్లాసులో నిలబెట్టినట్టు ఆవిణ్ణి నిలబెట్టారు. అత్తయ్య గొణిగింది. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నారు.

"మన కరుణ చచ్చిపోయిందండీ" అంది అత్తయ్య, గట్టిగానే.

"తెలుసు. కంప్యూటర్ చదివింది" అన్నారాయన అన్నం కలుపుకుంటూ.

ఇన్నాళ్ళూ తెలిసే ఆవిడ చేత అవన్నీ చెప్పించారు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది.

గొంతు సరిగ్గా తీయలేదని బావ నా మీద విరుచుకుపడ్డాడు. నేను నోరు తెరిచేలోపే మావయ్య చెప్పడం మొదలుపెట్టారు. ఆ గొంతు చదివినట్టే, ఎత్తూ పల్లం లేకుండా చెప్పారు. వాన పడుతోంది. మీద టార్పాలిన్ పట్టారు. పాస్టరుగారు ప్రార్థన త్వరగా ముగించారు. గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. ఇద్దరు దిగి పెయింటు బకెట్లతో తోడారు. తోడినకొద్దీ ఊరుతున్నాయి. ఇక కానివ్వండి అని విజయ్ అన్నాడు. పెట్టె దించితే తలవైపు పైకి తేలింది. పార కర్రతో అదిమిపట్టి మన్ను వేశారు.

అక్షరం పొల్లుపోలేదు. నేను అక్కడున్నాను. దివిసీమలో వానలప్పుడు గొయ్యి తవ్వితే జరిగేది అదే. ఆ వానలో ఎవరూ ఫొటో తీయలేదు. తర్వాత మాలో ఎవరమూ ఆ మాట పైకి అనుకోలేదు. మావయ్య ఫోను బావ ముందే తీసేసుకున్నాడు. వదిన అత్తారిని, పాస్టరుగారిని తర్వాత అడిగాను. ఎవరూ ఆయనతో మాట్లాడలేదన్నారు.

"నన్నెటూ గుప్పెడు మన్ను వెయ్యనివ్వలేదు" అన్నారు మావయ్య. "ఆ నీళ్ళన్నా పూర్తిగా తోడించలేకపోయావురా?"

ఆయన గుండెకు ఏమీ కాలేదు. మేమంతా ఆయన గుండెనే చూస్తున్నాం, అత్తయ్యను మర్చిపోయాం. భూస్థాపన రోజు వాన తెరిపి ఇచ్చిందని, పూలు కప్పి చక్కగా సాగనంపామని ఆవిడకు చెప్పి ఉన్నాం.

"నీళ్ళేంట్రా?" అంది అత్తయ్య, బావ చెయ్యి పట్టుకుని.

ఆ ఆదివారమే కంప్యూటర్ తెరిచి చూశాను. అంత వేగంగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రిజిస్ట్రీ మొత్తం గాలించాను. గొంతు ఆనవాలు ఎక్కడా లేదు. అది ఎలా చదివిందో, అసలు చదివిందో లేదో, నాకు ఈ రోజుకీ తెలియదు.

మావయ్య మళ్ళీ దాని జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు అత్తయ్య కూర్చుంటోంది. ఆవిడకు కంప్యూటర్ వాడటం రాదు, ఊరికే పెట్టెకు చెవి ఆనించి కూర్చుంటుంది. గొంతు పెట్టమని ప్రాణం తీస్తే స్పీకర్లు పట్టుకెళ్ళి, ఆ సాఫ్ట్‌వేరే మళ్ళీ ఎక్కించాను. అది ఆ రోజు పేపరు చదివింది. ఆవిడ కాసేపు విని తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదే. కరుణ దగ్గర నీళ్ళు ఇంకిపోయాయో లేదో చెప్పే గొంతు పెట్టు."

నేను తీసేసింది ఇదొక్కటేనని ఎంత చెప్పినా నమ్మడం లేదు. వెళ్ళిన ప్రతిసారీ అడుగుతోంది.