పొత్తిళ్ల బొంతలో పసుపు ముక్క

మొన్న రాయపూర్ నుంచి మా అమ్మాయి, తనకు పుట్టబోయే బిడ్డ కోసం తెప్పించానంటూ ఒక అతుకుల బొంతను నాకు చూపించడానికి మోసుకొచ్చింది. మెత్తగా, ముచ్చటగా ఉంది. రంగురంగుల గళ్లన్నీ మూలకు మూల చక్కగా కలిశాయి. ఇంత తిన్నగా కుట్టిన మహాతల్లి ఎవరా అని, అలవాటు కొద్దీ ఒక గడి అంచును గోటితో గీరి చూశాను. గోటికి ఏమీ తగల్లేదు. అతుకన్నది ఉంటే కదా తగలడానికి, ఒకే గుడ్డ మీద అతుకుల బొమ్మ అచ్చు వేశారు. మా అమ్మాయి నవ్వి, ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయమ్మా, ఉతకడం సులువు అంది. నేనూ నవ్వేశాను గాని, ఆ మధ్యాహ్నమంతా నా మనసు జగదల్పూర్‌లోని ఈ ఇంట్లో లేదు. ఎప్పుడో వదిలేసి వచ్చిన బచేలిలో, ఎర్రకొండ కింద, మా పాత క్వార్టర్ల మధ్య తిరిగింది. మొగుళ్ల ఉద్యోగాల వెంట ఆ రోజుల్లో బస్తర్ అడవుల్లోకి వచ్చిపడిన నా ఈడు ఆడవాళ్లు నేను చెప్పేది నమ్ముతారనే అనుకుంటున్నాను. మిగతావాళ్లు నమ్మకపోయినా నాకేమీ కోపం లేదు.

పెళ్లయిన కొత్తల్లో, విజయనగరం అవతలి మా పల్లె నుంచి, సొరంగాల్లో దూరి వంతెనలు దాటుతూ రోజంతా సాగే ఆ రైల్లో మేము బచేలి చేరాం. మావారికి గనిలో ఉద్యోగం. మా వెంట తెచ్చుకున్న దుప్పట్లు సముద్రపు గాలికి సరిపోయేవే గాని, ఆ కొండ చలికి ఏ మూలకూ రాలేదు. వానాకాలం మొదలుకొని చలికాలం పోయేదాకా మబ్బు కొండ దిగి నేరుగా ఇళ్లలోకి వచ్చేసేది. వంటింట్లో నిలబడితే ముందుగదిలోని మనిషి కనబడని రోజులు ఉండేవి. పైగా ఇనుపరాతి ధూళి. ఉతికి ఆరేసిన పంచెలు, చంటిపిల్లల అరికాళ్లు, వీధికుక్కల మూతులు, సమస్తం ఎర్రగానే ఉండేవి. అక్కడ ఎర్రగా లేనిది కనబడితేనే వింత.

మా లైనులో చివరి వరండా పెద్దమ్మగారిది. ఆవిడ మాకెవరికీ చుట్టం కాదు, అయినా అందరికీ పెద్దమ్మే. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు ఉద్యోగం వెంట వచ్చి అక్కడే ఉండిపోయారు. శనివారం మధ్యాహ్నాలు, మగవాళ్లు డ్యూటీలకు వెళ్లాక, మేమంతా పాతబట్టల మూటలతో ఆవిడ వరండాలో చేరేవాళ్లం. బిస్కట్ డబ్బా అట్టను కొలతగా పెట్టి ముక్కలు కత్తిరించడం, మూడేసి ముక్కలను వరసగా కుట్టడం, అలాంటి వరసలు మూడు కలిపి ఒక గడి చేయడం, ఇస్త్రీకి బదులు కుట్టు మడతను గోటితో నొక్కడం, ఇంతే విద్య. మూలలు కలవని గడిని పెద్దమ్మగారు పైకెత్తి అందరికీ చూపించి, ఇది కుట్టేటప్పుడు ఎవరి మనసు ఎవరి మీద ఉందమ్మా అని అడిగేవారు. కొత్తగా పెళ్లయిన పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవారు. నా గడులను మాత్రం ఆవిడ ఎప్పుడూ ఎత్తి చూపలేదు, కలవకపోయినా సరే.

ఎందుకంటే అప్పటికే నేను ఇద్దరిని పోగొట్టుకున్నాను. మొదటివాడు నెలలు నిండకుండానే, రెండోది నిండాక. ఇద్దరూ ఏడవలేదు. నాకు తెలివి వచ్చేసరికి పక్కన ఉయ్యాల ఖాళీగా ఉండేది, మావారి చూపు నేల మీద ఉండేది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు సంతోషం కన్నా భయమే ముందొచ్చింది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే ఇక నేను బతకలేననుకునేదాన్ని. పైకి అనలేదు గాని పెద్దమ్మగారు గ్రహించారు. ఈసారి పొత్తిళ్ల బొంత మన వరండాలోనే కుడదాం అన్నారు.

పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో కాక, చక్కగా పెరుగుతున్న పిల్లల పాతగుడ్డలో చుట్టడం మనందరికీ తెలిసిన ఆచారమే. పెద్దమ్మగారి ఊళ్లో దానికి ఇంకో మెలిక ఉండేది. ముక్క ఇచ్చే తల్లిని, తీసుకునే మనిషి బిడ్డ ఎక్కడ అని అడగాలి. తన బిడ్డ ఆ క్షణాన ఎక్కడ ఉన్నదీ ఆ తల్లి నోటితో చెప్పాలి. బడిలో ఉందనో, నిద్రపోతున్నాడనో, నాన్నతో బజారుకు వెళ్లాడనో, ఏదైనా సరే. ఆ మాట కూడా ముక్కతో పాటు బొంతలో చేరుతుందని, అందులో పడుకున్న బిడ్డ ఈ లోకంలో నిలబడుతుందని ఆవిడ నమ్మకం. చావు చూసిన ఇంటి గుడ్డ మాత్రం ఒక్క పోగు కూడా కలవకూడదు. ఆ సంగతి ముక్కలు ఇచ్చేవాళ్లందరికీ తెలుసు గనక ఎవరూ విడిగా చెప్పుకోలేదు.

ఒక శనివారం కొత్తగా ఒకామె వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. ఆమె భర్త దంతెవాడ జీపు నడిపేవాడు. క్వార్టర్లకు అవతల, రేకుల గదుల్లో దిగారు. కోంటా వైపు గొల్లపల్లి వాళ్లది, అందుకని ఆమె మాకు గొల్లపల్లి ఆవిడ అయిపోయింది. ప్రతి మాటకూ ఏంది ఏంది అనే ఆమె తెలుగుకు మేము నవ్వుకునేవాళ్లం. మా తెలుగులో సగం ఆమెకు అందేది కాదు. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమె అలవాటు. కాసేపు కూర్చుని, ఈ బొంత ఎవరికోసమో, ఎందుకోసమో విని, ఇంటికి వెళ్లి ఒక ముక్క పట్టుకొచ్చింది. పసుపు రంగు గుడ్డ, చిన్నపిల్లాడి చొక్కాలోంచి కోసింది, ఒక కాజా ఇంకా అలాగే ఉంది. బిడ్డ ఎక్కడమ్మా అని పెద్దమ్మగారు అడిగారు. ఆమె గడ్డంతో బయటికి చూపించి, కొంగు వెనకనుంచి మెల్లగా ఏదో చెప్పింది. ఆడుతున్నాడన్నమాట అని మేమంతా సంతోషించాం. పసుపు శుభమని, ఆ ముక్కను నడిమి గడిలో నట్టనడుమ పెట్టించారు. ఆమె తన చేత్తోనే కుట్టింది.

ఆ వారం నుంచే ఆ పిల్లాడు మా వాళ్లకు కనబడసాగాడు. పెద్దమ్మగారి కోడలు కల్వర్టు మీద చూశానంది, ఎదురింటి వదిన కుళాయి దగ్గర చూసింది. ఎప్పుడు చూసినా వీపే కనబడేది, ఏదో ఒక మూల తిరిగిపోతూ ఉండేవాడు. పిలిస్తే ఆగేవాడు కాదు. మా పిల్లలను అడిగితే, వాడు మాతో ఆడడు అనేవారు. అందరూ ఆ తల్లినే తప్పుపట్టారు. "ఏటి ఆ తల్లి, ఇంత సలిలో గుంటడిని సొక్కా నేకుండా వొగ్గేసింది" అని ఎదురింటి వదిన బుగ్గలు నొక్కుకుంది.

నేనూ చూశాను. ఒక సాయంత్రం మబ్బు దిగుతుంటే, దండెం మీది దుప్పట్లు తీయడానికి పెరట్లోకి వెళ్లాను. రెండు దుప్పట్ల మధ్య నాలుగేళ్ల పిల్లాడు నాకు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. పక్కటెముకలు కనబడుతున్నాయి, అయినా వణకడం లేదు. నాకు జాలేసి, బాబూ, లోపలికి రా అన్నాను. దుప్పటి కదిలింది. దాన్ని తప్పించి చూసేసరికి ఎవరూ లేరు. వెళ్లిన అలికిడి కూడా లేదు. ఏదో తేడాగా అనిపించింది గాని, ఏమిటో రెండు రోజుల దాకా తట్టలేదు. వాడి కాళ్లకు చీలమండల దాకా నల్లటి బురద ఉంది. బచేలిలో నల్లమట్టి ఎక్కడిది?

అయినా నేను దయ్యాల మనిషిని కాను. చలిలో తిరిగే పిల్లాడని నచ్చజెప్పుకుని, ఎదురింటి వదిన కొడుక్కి పొట్టిదైపోయిన నీలం స్వెటర్ అడిగి తీసుకుని, నిండు కడుపుతో రేకుల గదుల దాకా నడిచాను. ఒకటే గది. దండెం మీద మగవాడి బట్టలు, ఆడమనిషి బట్టలు. చిన్న చెప్పుల జత గాని, చిన్న గ్లాసు గాని ఎక్కడా లేవు. స్వెటర్ ఆమె చేతిలో పెట్టి, బాబుకి తొడగండి, చలిలో చొక్కా లేకుండా ఆడుకుంటున్నాడు అన్నాను. ఆమె అర్థం కానట్టు చూసింది. మీరే చెప్పారు కదా, ఆడుతున్నాడని అన్నాను.

"ఆడుతుండని నేనెప్పుడన్న అక్కా" అంది. "ఆడున్నడు అన్న. ఆడ, గొల్లపల్లిల, మా చేను గట్టున. పోయిన చలికాలం జరమొచ్చి పోయిండు."

కొంగు చాటున ఆమె అన్న ఆడున్నడు మా విజయనగరం చెవులకు ఆడుతున్నాడు అనే వినబడింది. ఆడ అంటే అక్కడ అని మా వరండాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమె గడ్డంతో చూపించింది వీధిని కాదు, అడవి అవతలి ఊరిని. కడుపు మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నాను.

"మా పిలగాడు పోయినంక, ఏడున్నడని నన్ను ఒక్కలు అడగలే" అంది ఆమె. "మీ పెద్దమ్మ అడిగింది. వాని అంగి ఒక్కటే దాసుకున్న, గదే కోసిచ్చిన."

వాడికి చొక్కా ఎందుకు లేదో అప్పుడు నాకు తెలిసింది. భయంలో నోరు జారి, నేను వాణ్ణి చూశానని చెప్పేశాను. ఆమె ఏడవలేదు, అదిరిపడలేదు. తప్పిపోయిన పిల్లాడి గురించి ఏ తల్లయినా అడిగినట్టే, ఎటు పోయిండు, కాళ్లకు ఏమన్న ఉన్నయా అని అడిగింది. చెప్పులు లేవు, నల్లబురద ఉంది అన్నాను. మాది నల్లమట్టి చేనే అంటూ, స్వెటర్‌ను ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను వెళ్లిపోదామని గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అడిగింది.

"నీ ఇద్దరు ఏడున్నరక్కా?"

ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. నా పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలియదు.

అంచు కుట్టడానికి బొంత ఆ వారం మా ఇంట్లోనే ఉంది. వెళ్తూనే ఆ ముక్క ఊడదీసి పారేయాలని దారి పొడుగునా అనుకున్నాను. నాకు దక్కాల్సింది ఈ ఒక్క బిడ్డే, ఇంకొకరి దుఃఖానికి జాలిపడే ఓపిక నాలో లేదు. బొంత పరిచి, బ్లేడు తీసి, పసుపు ముక్క మొదటి కుట్టు కింద దూర్చాను. సరిగ్గా అప్పుడే మావారు డ్యూటీ నుంచి వచ్చారు. బ్లేడు చేతిలో ఉండగానే, మన పిల్లలిద్దరినీ ఎక్కడ పెట్టారండీ అని అడిగాను. ఆయన వంగి బూట్ల తాళ్లు విప్పారు. ఆసుపత్రి వెనక వాగు ఒడ్డున, రెండు గుగ్గిలం మొక్కల మొదట్లో, అన్నారు. డ్యూటీ మారినప్పుడల్లా అటువైపుగా ఇంటికి వస్తానని కూడా చెప్పారు. నేను ఆయన భుజం మీద తల పెట్టుకుని గొంతెత్తి ఏడ్చాను. అంతకు ముందు ఏడవలేదు. తర్వాత ఆ కుట్టు విప్పబుద్ధి కాలేదు. చావు చూసిన ఇంటి పోగు కలవకూడదంటే, ముందు నా చేతులే ఆ బొంతను తాకకూడదు.

మరుసటి సెలవురోజున ఆయన నన్ను తీసుకెళ్లి ఆ మొక్కలు చూపించారు. నా మోకాలి ఎత్తున ఉన్నాయి. రెండింటి ఆకులనూ ముట్టుకుని వచ్చాను.

ఈ సంగతులు వరండాలో ఎవరికీ చెప్పలేదు. గొల్లపల్లి ఆవిడ స్వెటర్ తీసుకుని భర్త జీపులో ఊరికి వెళ్లిందని ఆమె పక్క గదివాళ్లు నాకు చెప్పారు, అంతే. ఆ శనివారం సూదిలో దారం ఎక్కిస్తూ ఎదురింటి వదిన తీరిగ్గా అంది. "ఆ గుంటడికి ఇప్పటికి సెట్టరేసిందమ్మా తల్లి. నిన్న కల్వర్టు కాడ సూసినాను, మావోడి నీలం సెట్టరే." నా చేతిలోని సూది వేలిలో దిగింది. పైకి మాత్రం, పోనీలే, చలికి తట్టుకుంటాడు అన్నాను. ఆ తర్వాత వాణ్ణి చూశామని ఎవరూ అనలేదు.

మా అమ్మాయి పుట్టీపుట్టగానే, వార్డంతా తిట్టుకునేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వాను. ఆ బొంతలో పడుకున్నన్నాళ్లూ దానికి ఒక అలవాటు ఉండేది, పసుపు ముక్క మీది కాజాలో చూపుడువేలు దూర్చి గాని నిద్రపోయేది కాదు. ఎవరి చొక్కానో పట్టుకున్నట్టు పట్టుకునేది. నేను ఆ వేలు ఎప్పుడూ విడదీయలేదు.

గొల్లపల్లి ఆవిడ వాళ్లు తర్వాత ఎటు వెళ్లారో తెలియలేదు. పెద్దమ్మగారు కాలం చేశారు, ఆ వరండాకు ఇప్పుడు ఇనుప గ్రిల్లు వచ్చింది. మావారు పోయారు. ఈమధ్య ఒకసారి మా అమ్మాయితో బచేలి వెళ్లి వాగు ఒడ్డున చాలాసేపు నిలబడ్డాను. ఒడ్డు పొడుగునా గుగ్గిలం చెట్లే, అన్నీ ఆకాశమంత ఎత్తు పెరిగాయి. మా రెండూ ఏవో నాకు తెలియలేదు. ఇప్పుడు ఎవరెక్కడున్నారో ఫోన్లే చూపిస్తున్నాయి గనక, ఒకరినొకరు అడిగే పనే లేదు. అయినా ఎవరైనా ఒకరు ఆ మాట నన్ను మళ్లీ అడిగితే బాగుండునని అనిపిస్తుంది. అడిగితే ఆ వాగు వైపు చెయ్యి చూపించగలను గాని, ఆ చెట్లు ఏవో చెప్పాల్సిన ఆయనే లేరు.