తీతువు అడ్డం పడ్డ దారి

పొద్దున మా అపార్ట్‌మెంటు మీదుగా తీతువు పిట్ట అరుచుకుంటూ పోయింది. "అపశకునం" అంటూ పక్క ఫ్లాటు ఆవిడ టక్కున కిటికీ మూసేసింది. నాకు మాత్రం పటాన్‌చెరు దగ్గరి మా ఊరి బడి, తొమ్మిదో తరగతి, మా తెలుగు సారు గుర్తొచ్చారు. ఆయనకు పద్యం దొరికితే లోకం పట్టదు. గంట కొట్టినా ఆపరు. లెక్కల సారు గుమ్మంలో నిలబడి దగ్గి దగ్గి గొంతు అరగదీసుకోవాల్సిందే.

ఆ రోజు పాఠంలో యుద్ధానికి బయలుదేరిన రాజు నెత్తిన తీతువు కూస్తుంది. "కవి ఈ పిట్టను ఎందుకు పెట్టిండు?" అని సారు అడిగారు. "చావుకు గుర్తు సార్!" అని అందరం ఒక్క గొంతుతో అరిచాం. నా పక్కన కూర్చునే దోస్తు బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ల నాయన కామెర్లు ముదిరి సంగారెడ్డి దవాఖానాలో ఉన్నాడు. "టిఫిన్ పట్టుకొని బయటికి పోతే సాలు సార్, నెత్తిమీద తీతువే. మా నాయనమ్మ నా రెక్క పట్టి లోపలికి గుంజుతది. టిఫిన్ మా చిన్నాయన పట్కపోతుండు. మా నాయన మొకం సూడక వారమైతుంది" అంది.

సారు పుస్తకం మూసేశారు. పద్యం మధ్యలో ఆయన ఆగడం నేనెన్నడూ చూడలేదు. "కవి రాజును సూసిండు, పిట్టను సూడలే. మనం సూద్దాం పాండ్రి" అన్నారు.

బడి విడిచాక ఆయన వెంట దోస్తు వాళ్లింటికి పోయాం. ఇంటికీ బస్సు రోడ్డుకూ మధ్య, కొత్త ఫ్యాక్టరీ గోడ కోసం పోసిన మొరం, సన్న రాళ్ల మట్టి, పరుచుకుని ఉంది. అందులో అడుగు పెట్టామో లేదో పిట్ట లేచి నెత్తిమీద ఒకటే గోల. సారు మమ్మల్ని కదలనివ్వలేదు. చూడగా చూడగా, ఆ రాళ్లలో నాలుగు రాళ్లు కావని తెలిసింది. మట్టిరంగు మీద నల్ల మచ్చలు, మొనలన్నీ లోపలికి తిరిగిన గుడ్లు. గూడూ లేదు, పుల్లా లేదు. మేం దూరం జరిగితే పిట్ట ఊరుకునేది, దగ్గరికొస్తే మళ్లీ మొదలు.

గుడ్ల కోసమే పిట్ట అరుస్తోందని చెబితే నాయనమ్మ నమ్మలేదు. "సదువుకున్నోళ్లు గిట్లనే అంటరు" అని గొణిగింది. సారు వాదించలేదు. "నువ్వే వచ్చి జెర సూడు అవ్వా" అన్నారు. ఆమె వచ్చి, వంగి, చాలాసేపు చూసింది. "ఓయమ్మా! పిల్లల జోలికి రావొద్దని ఒర్లుతున్నవానే? నేను గూడ గదే పని జేస్తున్న గదా!" అంది పిట్టతో. మరునాడు మొరంలో అడుగు పెట్టకుండా చుట్టు తిరిగి, మనవరాలి చెయ్యి పట్టుకుని, తనే దవాఖానాకు తీసుకుపోయింది.

దోస్తు వాళ్ల నాయన ఆ వానాకాలం దాటలేదు. పిట్ట కూసినా కూయకపోయినా ఆయనకున్నవి అన్ని రోజులే. ఆ మిగిలిన సాయంత్రాలన్నీ ఆ పిల్ల నాయన మంచం పక్కనే కూర్చుంది, మా తెలుగు పాఠాలు చదివి వినిపించింది. కాలాన్ని ఎవరాపగలరు? వాకిట్లోనే చేజారిపోతున్న ఆ కాస్త సమయం ఆ పిల్లకు దక్కింది, అంతే.