తునికాకు మీద గిజిగాడి గూడు

కోరుట్లలో నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న దేవవ్వకు తన చేతి పని మీద ఉన్న పొగరు ఇంతా అంతా కాదు. బడి రెండో తరగతితోనే ఆగిపోయినా, ఆమె చుట్టిన బీడీ వదులుగా ఉందనే ధైర్యం కార్ఖానాలో ఎవరికీ ఉండేది కాదు. మూడేళ్ల కిందటి దాకా.

మూడేళ్ల కిందట ఆమె పెనిమిటి దుర్గయ్య కల్లు గీయడానికెక్కి, మోకు జారి, వాకిలి ఎదుటి తాడిచెట్టు మీంచే పడి చనిపోయాడు. ఆనాటి నుంచి దేవవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, చెట్టుకు వీపు చేసి, గోడకేసి కూర్చునేది. వేళ్లు ఆకు చుట్టేవి, మనసు ఆ చెట్టు కిందే తిరిగేది. ఒక బీడీలో తంబాకు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. జగిత్యాల డాక్టరు బీపీ గోలీలిచ్చాడు గానీ, గోలీ వేళ్లకేం చెబుతుంది?

సరుకు చూసి తీసుకునే నర్సన్న చివరికి అననే అన్నాడు. "దేవక్కా, గీ కట్టలు ఒత్తితె మెత్తగ అణిగిపోతున్నయి. సేట్లు వానకాలం దాక సూస్తరట. గప్పటికి గూడ గిట్లనే ఉంటె నీకు సుట్టెతందుకు ఆకు ఇచ్చుడు బంద్ చేస్తరు. నా చేతిల లేదు."

"నీ చేతిల ఎప్పుడేమున్నదిరా? నీ పెండ్లిల బాసింగం గూడ నేనే కట్టిన," అని విసవిసా వచ్చేసింది గానీ, ఆ పూట అన్నం సహించలేదు. ఆకు ఆగిపోతే ఇక దేవవ్వ దేవవ్వే కాదు.

అప్పుడే సిరిసిల్ల నుంచి కూతురి బిడ్డ అక్షిత వేసవి సెలవులకొచ్చి ఉంది. గడప మీద కూర్చుని, సేపటికోసారి నోటుబుక్కులో ఏదో గీకేది.

"ఏందే, గంత సేపు సూసి గింతే రాస్తవా?"

"హైకూ అమ్మమ్మా. జపానోళ్ల కవిత్వం. మూడే లైన్లు. ఇప్పుడు కండ్ల ముందర ఏమున్నదో అదే రాయాలె. నిన్నటిది వద్దు, రేపటిది వద్దు."

"మూడు లైన్లా? నేను తిట్టుడు మొదలువెడితెనే పది లైన్లయితది!"

"గందుకే నీకు రాదు."

రాదా? ఆ మాట దేవవ్వకు ముల్లులా దిగింది. మనవరాలు బస్సెక్కిన మర్నాడే మొదలుపెట్టింది. కట్టకొక హైకూ. మొదటిది చీమ మీద.

చాట అంచు
చీమ తంబాకు వాసన చూసి
వెనక్కి మర్లింది

తనకే నవ్వొచ్చింది. చీమను చూస్తున్నంతసేపూ మనసులో దుర్గయ్య పడలేదు, చెట్టు కింద జనం మూగలేదు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. కానీ గోడలో ఎన్ని కవితలుంటాయి? వానలు మొదలయ్యేసరికి అయిపోయాయి. ఒకరోజు పీట ఎత్తి, వాకిలి వైపు తిప్పి వేసుకుంది.

తలెత్తితే తాడిచెట్టు. చూపు తిప్పుకోబోయింది. అయినా చూసింది. బీడీకి కోసిన తునికాకు ముక్క మీద కత్తెర మొనతో గీసింది.

తాడికమ్మకు
గిజిగాడు గూడు అల్లుతున్నడు
కిందికి చూస్తలేడు

అంతలో జల్లు కొట్టింది. ఆకులన్నీ గబగబా చాటలోకి లాక్కుంది. ఆ ముక్కా వాటిలోనే కలిసి బీడీ అయిపోయింది.

కార్ఖానాలో నర్సన్న ఆమె కట్ట ఒత్తితే ఒక బీడీ గీతల వెంట పగిలింది. "ఇదేంది?" అని విప్పి, తడుముకుంటూ పైకే చదివాడు. ఆకు ఇవాళ్టితో ఆగిందనుకుంది దేవవ్వ.

వెనక వరసలో నిలబడ్డ పక్కింటి కళావతి మెల్లగా అడిగింది. "అక్కా, ఆ చెట్టు దిక్కు సూసినవా?"

"సూసిన. మస్తు ఎత్తున్నదే. ఆయన రోజూ గంత మీదికి ఎక్కి మమ్ముల సాదిండా అనిపించింది."

నర్సన్న కట్టలన్నీ ఒక్కొక్కటే ఒత్తి చూశాడు. "గీ ఒక్కటే పలిగింది. కడమయన్ని రాయి లెక్కున్నయి," అని వారానికి సరిపడా ఆకు తూచాడు. గీతల ఆకును ఆమె చేతిలో పెట్టాడు. "కవిత్వాన్ని బీడీల సుట్టకు అక్కా, ఎవడన్న కాలుస్తడు."

ఎవరికీ మెచ్చుకోలు మాట చెప్పి ఎరగని దేవవ్వ, "సల్లగుండు బిడ్డా," అంది. నర్సన్న తన చెవులను తానే నమ్మలేకపోయాడు.

ఇంటికొచ్చి, తమను ఇన్నేళ్లు సాకిన చెట్టుకు మూడేళ్లు వీపు చూపించినందుకు దాని మొదట్లో చెంబెడు నీళ్లు పోసింది. అక్షితకు ఫోన్ కలిపింది.

"నాకు రాదంటివి గదనే? నీ మూడు లైన్లే నా ఆకును నిలవెట్టినయి. ఇగ ఇను. తాడికమ్మకు..."

చూపు తాడికమ్మ మీదికి పోయింది.

"అమ్మమ్మా? ఏమైంది?"

"ఉండు బిడ్డా, జరసేపు ఆగు. గూడు నచ్చుతదో లేదో సూడ ఆడపిట్ట అచ్చింది."