రెండు రింగులు

కువైట్‌లో ఇంటిపని చేసేదాన్ని. జీతం రాగానే మనీ ఎక్స్ఛేంజ్‌లో కట్టి పామర్రుకు పంపేదాన్ని. డబ్బు చేతికందితే మా ఆయన ఐఎస్‌డీ బూత్ నుంచి మా మేడమ్ ఇంటికి ఫోన్ చేసి, రెండు రింగులకే పెట్టేసేవాడు. నేను ఎత్తితే ఆయనకు బిల్లు పడుతుంది. అందుకని ఎప్పుడూ ఎత్తేదాన్ని కాదు.

ఆయన పోయినప్పుడు మేడమ్ నన్ను పంపలేదు. ఎంత ఏడ్చినా పాస్‌పోర్టు ఇవ్వలేదు. సమాధి కట్టించమని అత్తకు డబ్బు పంపాను. మర్నాడు వంటింట్లో ఉండగా ఫోన్ రెండు రింగులు మోగి ఆగిపోయింది. అందిందిలే అనుకుని గిన్నెలు తోముకున్నాను.

ఆ సాయంత్రమే అత్తకు ఫోన్ చేసి, సమాధి పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను.

"డబ్బు ఇంకా రాలేదు కదమ్మా" అంది.

"మరి పొద్దున ఫోన్ చేసిందెవరు?"

"మేమెవరం చేయలేదే."

బిల్లు పడుతుందని నేను ఎత్తలేదు.