కోటు అంచు

వెర్లన్ టీగ్ అమెరికాలో ఒక రాష్ట్ర సెనేట్ తలుపు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు డోర్‌కీపర్‌గా నిలబడ్డాడు. పత్తి మిల్లుల రాష్ట్రం అది. తమ్ముడు డోయల్ మిల్లుకు పోయాడు, వెర్లన్ తలుపుకు వచ్చాడు.

ఆ సభలో పాత నియమం ఒకటుంది. బిల్లు నచ్చని సభ్యుడు లేచి మాట్లాడుతూనే ఉండవచ్చు. ఎవరూ ఆపరు. కానీ కూర్చోకూడదు, బల్లకు ఆనకూడదు. ఆనితే మాట్లాడే హక్కు పోతుంది, వెంటనే ఓటింగు. ఆనాడా లేదా అన్నది చెప్పేది డోర్‌కీపర్. అతని మాటకు ఎదురు లేదు.

పదకొండేళ్ల కిందట చెవిటి పిల్లల బడి మూసేయాలని బిల్లు పెట్టారు. వెర్లన్ కూతురు నెల్డా ఆ బడిలోనే చదివేది. ముసలి సెనేటర్ ప్రూయిట్ ఒక్కడే దానికి అడ్డంగా రోజంతా మాట్లాడాడు. సాయంత్రం అతని నడుము బల్ల మీద వాలింది. వెర్లన్ చూశాడు. ఆనాడా అని సభాధ్యక్షుడు అడిగాడు.

"లేదు సార్" అన్నాడు వెర్లన్.

ఓటింగు జరగకుండానే సభ గడువు ముగిసింది, బడి నిలిచింది. ఆ సంగతి డోయల్‌కొక్కడికే చెప్పాడు, వాగు గట్టున గాలాలు వేసుకుని కూర్చున్నప్పుడు. ఇంకెప్పుడూ అలా అబద్ధం చెప్పనని కూడా అన్నాడు.

ఈసారి బిల్లు డోయల్ లాంటివాళ్ల కోసం. పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన మిల్లు మనుషులకు పింఛను. బిల్లు వైపు రెండు ఓట్లు ఎక్కువే ఉన్నాయి. సమావేశాలకు అది ఆఖరి రోజు, మధ్యాహ్నం పన్నెండుకు సభ ముగుస్తుంది; ఆలోగా ఓటింగు జరగకపోతే బిల్లు పోయినట్టే. పొద్దున ఏడింటికి బిల్లు నచ్చని సెనేటర్ గాస్కిన్స్ లేచాడు. క్యాట్‌ఫిష్ చేపను ఎలా వేయించాలో చెప్పాడు. తన వేటకుక్కల పేర్లు చెప్పాడు.

పైన గ్యాలరీలో డోయల్ దగ్గాడు. దగ్గు ఆగలేదు.

"నా చేపముల్లు పైన ఎవరి గొంతులోనో అడ్డం పడ్డట్టుంది" అన్నాడు గాస్కిన్స్. కొందరు నవ్వారు. వెర్లన్ తలెత్తలేదు.

పన్నెండుకు ఇరవై నిమిషాలుందనగా వెనక వరుస నుంచి ఒకరు లేచారు. "అధ్యక్షా! గాస్కిన్స్ గారు బల్లకు ఆనారు."

అధ్యక్షుడు తలుపు వైపు తిరిగాడు. "మిస్టర్ టీగ్, మీరేం చూశారు?"

వెర్లన్ చూసింది కోటు అంచు. అది చెక్కకు తగిలింది. మనిషి తగల్లేదు.

పైన తమ్ముడి ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది.

"కోటు తగిలింది సార్. మనిషి ఆనలేదు."

గాస్కిన్స్ మళ్లీ కుక్కల దగ్గరికి వెళ్లాడు. పన్నెండు కొట్టింది. అధ్యక్షుడు సుత్తితో బల్ల మీద కొట్టాడు.

బయట మెట్ల మీద డోయల్ కూర్చుని ఉన్నాడు. పక్కన అతనితో పనిచేసిన మెల్విన్.

"మనవైపు ఇద్దరు ఎక్కువే ఉన్నారు కదయ్యా" అన్నాడు మెల్విన్. "కుక్కల పేర్లు చదివి గెలుస్తారా? ఇదేం సభ?"

"బడి కోసం ప్రూయిట్ మాట్లాడిన రోజు అవతలివాళ్లు ఎక్కువ. ఆయనా ఇలాగే ఆపాడు" అన్నాడు వెర్లన్. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

మెల్విన్ ఉమ్మేసి ట్రక్కు తేవడానికి వెళ్లాడు. వెర్లన్ తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఆ మెట్ల మీద అతను కూర్చోవడం అదే మొదలు.

"నిజంగానే ఆనలేదా అన్నా?"

"ఆనలేదురా."

డోయల్ తల ఊపాడు. ఊపిరి అందాక మెల్లగా అన్నాడు, కోపం లేకుండా.

"నెల్డా కోసం చెప్పావు కదా."

ట్రక్కు వచ్చింది. వెర్లన్ లేపడానికి చేయి ఇచ్చాడు. డోయల్ ఆ చేయి అందుకోలేదు. మెట్టు పక్కనున్న రాతి గోడకు ఆనుకుని, తనంతట తనే లేచాడు.